జీతమా, బిల్లా?

ఉద్యోగిగా చేరాలా, కన్సల్టెంటుగా బిల్లు పెట్టుకోవాలా అని సలహాకు వచ్చే పిల్లలకు, పన్ను లెక్కల్లో తల నెరిసినవాడిగా నేను చెప్పేవి ఇవి.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి. మా తోడల్లుడి కూతురు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండు ఆఫర్లు పట్టుకొచ్చింది, రెండూ ఏడాదికి 24 లక్షలే. జీతమైతే 2025-26 కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను, సెస్సుతో కలిపి పన్ను 2,92,500. కన్సల్టెంటైతే సెక్షన్ 44ఏడీఏ కింద వసూళ్లలో సగం, అంటే 12 లక్షలు ఆదాయంగా చూపితే చాలు. రిబేటు పోను పన్ను సున్నా. (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. నాకు పాతవే నోటికొస్తాయి.) "ఇంత తేడానా పెదనాన్నా!" అంది. ఆగమ్మా అన్నాను.

2. పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీ, జీతంతో సెలవులు, ఇన్సూరెన్సు కన్సల్టెంటుకు ఉండవు. వాటికి వెల కట్టి పక్కన రాయండి. ఇంకోటి, ఇల్లు కొనే ఆలోచన ఉంటే బ్యాంకువాళ్లు చూసేది రిటర్నులో చూపిన 12 లక్షలనే. పన్ను తగ్గిన చోటే లోనూ తగ్గుతుంది.

3. వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఒప్పందంలో "జీఎస్టీ అదనం" అని రాయించుకోండి. ఆ రెండు మాటలు లేకపోతే, 18 శాతం అందులోనే ఉందంటారు. అప్పుడు మీ 24 లక్షలు 20.34 లక్షలవుతాయి. విదేశీ క్లయింటైతే ఎల్‌యూటీ దాఖలు చేసి పన్ను లేకుండానే బిల్లు ఇవ్వొచ్చు.

4. 44ఏడీఏ అందరికీ కాదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, సినిమా కళాకారుల వంటి వృత్తులకే. వసూళ్ల పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం మించకపోతే 75. సగం కంటే తక్కువ లాభం చూపాలనుకుంటే మాత్రం ఖాతా పుస్తకాలు, ఆడిట్ మెడకు చుట్టుకుంటాయి.

5. ఒక్క మనిషి సంపాదనకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వద్దు. 22 శాతమే కదా అంటారు. సర్‌చార్జీ, సెస్సు కలిస్తే 25.17. ఆ మిగులును డివిడెండుగా తీసుకుంటే మీ చేతిలో మళ్లీ పన్ను.

6. కంపెనీ కోసిన టీడీఎస్ 26ఏఎస్‌లో పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. ఇంకా కట్టాల్సింది ఉంటే, 44ఏడీఏ వాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ గడువు ఒక్కటే, మార్చి 15.

7. పేరు కన్సల్టెంటు, తీరు మాత్రం ఉద్యోగం అయితే చిక్కే. రోజూ హాజరు, సెలవుకు మేనేజరు అనుమతి, నెలనెలా ఒకే మొత్తం, ఇవన్నీ కనిపిస్తే ఇది జీతమేనని అధికారి అనొచ్చు. ఏ పని, ఎంతకు, ఎప్పటిలోగా అన్నది ఒప్పందంలో ఉండాలి. మా అమ్మాయి కాగితంలో ఇంకెవరికీ పనిచేయకూడదన్న షరతు కనిపించింది. అది కొట్టేయించాకే సంతకం పెట్టమన్నాను.