విశ్రాంత సేనానుల విమర్శయు యుద్ధ సన్నాహమును

సైనికునకు ఆజ్ఞాపాలనము ప్రథమ ధర్మము. దళములో నున్నంత కాలము అతడు పై యధికారి యాజ్ఞను, ఆ యధికారి ప్రభుత్వము యొక్క యాజ్ఞను శిరసావహింపవలెను. అట్టి సేనాని ఉద్యోగము విరమించిన పిదప, ప్రభుత్వము చేసిన యుద్ధ సన్నాహము లోపభూయిష్టమని బహిరంగముగా విమర్శింపవచ్చునా? విమర్శించినచో ఆ మాటను ప్రజలు ఎట్లు గ్రహింపవలెను? ఈ ప్రశ్న పెద్దలకు మాత్రమే సంబంధించినది కాదు. యుద్ధము వచ్చినపుడు ముందు వరుసను నిలుచువారు పాఠశాలను విడిచి యెన్నో యేండ్లు గడువని యువకులే గదా.

మొదట మన డెల్టాకు సంబంధించిన యొక యుదాహరణమును జూతము. విజయవాడ యొద్ద కృష్ణానదికి 1852 మొదలు 1855 వఱకు ఆనకట్ట కట్టబడినది. దానికి ఆలోచన చెప్పినవారిలో ముఖ్యుడు సర్ ఆర్థర్ కాటన్. పని జరిపించినవాడు కెప్టెన్ ఓర్. కాటన్ మదరాసు ఇంజనీర్ల దళమునకు జెందిన సైనికోద్యోగి. 1860లో ఇండియా విడిచి ఇంగ్లండు చేరిన పిదప ఆయన మౌనము వహింపలేదు. రైలు మార్గములకు ధారాళముగా వ్యయము చేసి కాలువలను ఉపేక్షించుట తప్పని ప్రభుత్వమును విమర్శించుచునే యుండెను. 1876-78 మహాక్షామమున మదరాసు ప్రెసిడెన్సీలో లక్షలకొలది జనులు మృతినొందిరి. 1877లో ఆయన ఆ క్షామమును గూర్చి పుస్తకము ప్రకటించెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు సభాసంఘము నెదుట తన వాదమును వినిపించెను. పాలకులు దానిని పూర్తిగా అంగీకరింపలేదు. అయినను ఆ మాట వ్రాతలో నిలిచినది. తరువాతివారు దానిని పరిశీలింపగలిగిరి.

కాటన్ విమర్శ కాలువలను గూర్చినది. యుద్ధమును గూర్చిన విమర్శకు మన దేశ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన సందర్భము 1962 నాటి చైనా యుద్ధము. అంతకు మూడేండ్లు ముందుగా, 1959 ఆగస్టు 31న, సైన్యాధిపతి జనరల్ కె. ఎస్. తిమ్మయ్య రక్షణ మంత్రి వి. కె. కృష్ణమేనన్‌తో పొసగక రాజీనామా పత్రము నిచ్చెను. ప్రధాని నెహ్రూ నచ్చజెప్పగా దానిని ఉపసంహరించుకొనెను. సైన్యముపై పౌర ప్రభుత్వమునకే పై యధికారమని నెహ్రూ పార్లమెంటులో స్పష్టముగా జెప్పిరి. తిమ్మయ్య 1961లో విరమించెను. 1962 జూలైలో ‘సెమినార్’ అను పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, చైనాతో మన దేశము ఒంటరిగా సంపూర్ణ యుద్ధము చేయుట సైనికునిగా తాను ఊహింపజాలనని తెలిపెను. కొద్ది నెలలలోనే యుద్ధము వచ్చినది.

అక్టోబరు 12న నెహ్రూ సింహళమునకు పోవుచు, మన భూమినుండి చైనా దళములను వెడలగొట్టుటకు సైన్యమునకు ఆజ్ఞ యీయబడినదని పత్రికలవారితో జెప్పిరి. ఆ సమయమున ఈశాన్య సరిహద్దున నామ్‌కా చూ అను ఏటి యొడ్డున ఏడవ బ్రిగేడు నిలిచియుండెను. ఎదుటి కొండలపై శత్రువు. ఈవల లోయలో మనవారు. చాలినంత చలి దుస్తులు లేవు, చాలినంత మందుగుండు లేదు. సరకులు విమానముల నుండి జారవిడువవలసి వచ్చెను. అక్టోబరు 20న తెల్లవాఱుజామున చైనావారు పైబడిరి. బ్రిగేడియర్ జాన్ దళ్వీ రెండు దినముల తరువాత చెఱబడెను. నవంబరు 21న చైనా కాల్పులు విరమించు నాటికి మనవారిలో వేయిమందికి పైగా హతులైరి. మూడువేలమందికి పైగా బందీలైరి. కృష్ణమేనన్ పదవిని వీడిరి. సైన్యాధిపతి జనరల్ థాపర్ కూడ తొలగగా, 1948లో హైదరాబాదునకు సైనిక గవర్నరుగా వచ్చిన జనరల్ జె. ఎన్. చౌధురి ఆ స్థానము నధిష్ఠించెను.

దళ్వీ సైన్యము విడిచిన పిదప 1969లో ‘హిమాలయన్ బ్లండర్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు నెహ్రూను, కృష్ణమేనన్‌ను మాత్రమే గాక, లేదని చెప్పవలసిన చోట చెప్పని పెద్ద సేనానులను గూడ తప్పుపట్టెను. ఆ రంగమున సేనలను నడిపిన జనరల్ బి. ఎం. కౌల్ అంతకు రెండేండ్లు ముందే తన వాదమును సమర్థించుకొనుచు వేఱొక గ్రంథము వ్రాసెను. ఒకే యుద్ధమును గూర్చిన యీ రెండు గ్రంథములును పలు చోట్ల ఏకీభవింపవు. కావున విశ్రాంత సేనాని వ్రాసినదెల్ల వేదవాక్కు కాదు, అది సాక్ష్యము. సాక్ష్యమును తూచి చూడవలెను.

వేఱొక మార్గమును గలదు. 1981 నుండి 1983 వఱకు సైన్యాధిపతిగా నున్న మన తెలుగువారు జనరల్ కె. వి. కృష్ణారావు 1991లో దేశరక్షణను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. జరిగిన యుద్ధమునకు నింద మోపుటకు గాక, రాబోవు ఆపదకు ముందుగా సిద్ధపడుటకు గూడ విశ్రాంత సేనాని కలము ఉపయోగపడునని దీని వలన తెలియుచున్నది.

అమెరికాలో 2006 ఏప్రిల్ నెలలో పలువురు విశ్రాంత జనరళ్లు, ఇరాకు యుద్ధమునకు సరియైన సన్నాహము జరుగలేదని చెప్పి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తొలగవలెనని కోరిరి. ఆ యేటి చివర ఆయన పదవిని వీడెను. అప్పుడు కొందఱు, “సేవలో నున్నప్పుడు వీరేల పలుకలేదు?” అని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మన చట్టము హద్దులను నిర్ణయించినది. రాజ్యాంగము 53వ అధికరణము ప్రకారము సేనలపై సర్వాధికారము రాష్ట్రపతిది. రాష్ట్రపతి మంత్రుల సలహాపై నడచును. సేవలో నున్నవాడు అనుమతి లేక రాజకీయ విషయములను గాని సైనిక విషయములను గాని పత్రికలకు వ్రాయరాదని 1954 నాటి సైనిక నిబంధనలు చెప్పుచున్నవి. విరమించినవానికి పౌరుని వాక్స్వాతంత్ర్యము తిరిగి లభించును. అయినను 1923 నాటి అధికార రహస్యముల చట్టము అతనిని విడువదు.

విద్యార్థులారా, ఇట్టి విమర్శ మీ కంటబడినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పువాడు తాను కన్నది చెప్పుచున్నాడా, విన్నది చెప్పుచున్నాడా? సేవలో నుండగా ఆ మాటను పై వారికి నివేదించెనా? తన పాలి తప్పును ఒప్పుకొనుచున్నాడా, లేక అంతయు ఇతరులపై మోపుచున్నాడా? ఈ మూటికిని మంచి సమాధానము దొరకినచో ఆ మాటను గౌరవింపుడు.

లూకా సువార్త 14వ అధ్యాయమున, తనకు రెట్టింపు సేనగల శత్రువుతో తలపడుటకు ముందు కూర్చుండి ఆలోచన చేయు రాజును గూర్చిన ప్రస్తావన గలదు. నిర్ణయించు నధికారము ఆ రాజుదే. కాని లెక్క సరిగా చెప్పువారు ప్రక్కన లేనిచో ఆయన ఆలోచన వ్యర్థము. ప్రజాస్వామ్యమున ఆ రాజు స్థానమున నున్నవారు ప్రజలెన్నుకొన్న పాలకులు. వారు వినుట కర్తవ్యము. సేనానులు సమయమునకు నిజము చెప్పుట కర్తవ్యము. తిమ్మయ్య మాట యుద్ధమునకు ముందు వచ్చినది, దళ్వీ మాట ఏడేండ్ల తరువాత వచ్చినది. నామ్‌కా చూ ఒడ్డున నిలిచిన సైనికునకు మొదటిది మాత్రమే ఉపకరింపగలిగియుండెను. రెండవది మన కొఱకు మిగిలినది. దానిని చదివి నేర్చుకొనుట మన పని.