చదరంగపు సంఖ్యయు చివరి అంకెయు
చదరంగమున 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ నుంచి, గడిగడికి రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ సంఖ్యను 11వ శతాబ్దికి చెందిన పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన చంపకమాల యొకటి భూతసంఖ్యలతో చెప్పినది. శరమనగా 5, శశియనగా 1. ఇట్లు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచుట దాని క్రమము. అంకె కొక మాట. ఒక మాట జారినచో వృత్తము చెడును.

ఈ సంఖ్యనే నేటి వెబ్ సేవలలో జేసన్ రూపమున పంపినచో, జావాస్క్రిప్ట్ సాధారణముగా దానిని 18446744073709552000 అని చూపును. కారణమేమి? ఆ భాషలో సామాన్యసంఖ్య 64 బిట్లలో నిలిచినను దాని అంకెల సూక్ష్మత 53 బిట్లు మాత్రమే. కావున 9007199254740991 దాటిన పిదప ప్రతి పూర్ణాంకమునకును వేరు చోటు లేదు. 9007199254740993 సైతము 9007199254740992గా మారును.

గింజల లెక్కలో ఈ భేదము స్వల్పమే. గుర్తింపు సంఖ్యలలో అట్లు కాదు. న్యూఢిల్లీ కేంద్రముగా గల ఆధార్ ప్రాధికారసంస్థ 2018లో ప్రవేశపెట్టిన వర్చువల్ ఐడికి 16 అంకెలు, చివరిది పరీక్షాంకము. అట్టి సంఖ్యను ప్రోగ్రాము ఏదైన లెక్కగా గ్రహించి చివరి అంకెను మార్చినచో అది చెల్లదు. మనిషి యెదుట నిలిచియుండియు లేనివాడగును.

కనుక కూడికకు, తీసివేతకు రాని సంఖ్యను పేరుగా నెంచి, ఉద్ధరణచిహ్నముల నడుమ అక్షరముల వరుసగా పంపవలెను. ఆ పద్యమును అంకెలను మాటల వరుసగానే నిలిపినది. అందుచేతనే ఇరువది అంకెలును చెదరక నేటికిని చేరినవి.