కళాశాలా ప్రవేశపు లెక్కలు - చదువు విధము

ఉన్నత పాఠశాల చదువు ముగియవచ్చినపుడు మనమందఱమును కళాశాలల ప్రవేశపు లెక్కలను ఆతురతతో వెదకుదుము. "నూర్గురిలో ఇందఱికే చోటు దొరకినది" అని చదివి, కొందఱము దరఖాస్తు పంపకయే నిరాశ చెందుదుము. కొందఱము లేనిపోని ధైర్యము తెచ్చుకొందుము. ఆ శాతము ఎవరిని లెక్కించి కట్టినదో విచారింపమి యే ఇందులకు కారణము. దీనికి ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు.

అమెరికా దేశమున బర్కిలీ పట్టణమందు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మున్నది. 1973వ సంవత్సరమున, పట్టము పొందిన పిదప చదువు పై తరగతులకై, అచట 8,442 మంది పురుషులును 4,321 మంది స్త్రీలును దరఖాస్తు చేసిరి. పురుషులలో నూటికి 44 మందికిని, స్త్రీలలో నూటికి 35 మందికిని ప్రవేశము లభించెను. ఇంతమాత్రమే చూచినవారు స్త్రీలకు అన్యాయము జరిగెనని తలంపక మానరు.

అయితే అచట ప్రతిశాఖయు తన విద్యార్థులను తానే ఎన్నుకొనును. కావున బికెల్, హేమెల్, ఒకానెల్ అను మువ్వురు పండితులు శాఖలవారీగా లెక్కలు పరిశీలించి, 1975లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. పేర్లకు మాఱుగా అక్షరములతో చూపబడిన ఆఱు పెద్ద శాఖలలో, మొదటిదానిని కడపటిదానిని మాత్రము తీసికొందము.

మొదటి శాఖలో 825 మంది పురుషులకు 512 మంది చేరుటకు అర్హులైరి. అనగా నూటికి 62. స్త్రీలు 108 మందికి 89 మంది, నూటికి 82. కడపటి శాఖలో పురుషులు 373 మందికి 22 మంది, నూటికి 6. స్త్రీలు 341 మందికి 24 మంది, నూటికి 7. రెండు చోట్లను స్త్రీలదే పైచేయి.

ఇక రెండింటిని కూడుదము. పురుషులు 1,198 మందికి 534 మంది, నూటికి 45. స్త్రీలు 449 మందికి 113 మంది; నూటికి 25 మాత్రమే! కాగితముపై వేసి చూచుకొనుడు. కూడికలో తప్పు లేదు. పురుషులలో మూడింట రెండుపాళ్లకు మించి చోటు సులభముగా దొరకు శాఖను కోరిరి. స్త్రీలలో నాల్గింట మూడుపాళ్లు మిక్కిలి ఇఱుకైన శాఖను కోరిరి. భేదమంతయు అందుండియే పుట్టినది. ఎడ్వర్డు సింప్సను 1951లో ఇట్టి చిక్కును వివరించెను గనుక గణాంకశాస్త్రమున దీనికి ఆయన పేరే నిలిచినది.

అట్లని స్త్రీలకు లోటే లేదని చెప్పరాదు. బాల్యమునుండి పెంపకమును, చదువును వారిని ఇఱుకైన శాఖలవైపు నడపుచున్నవేమో యని ఆ పండితులే హెచ్చరించిరి. శాతము ఒక ప్రశ్నకు జవాబు చెప్పి, మఱియొక ప్రశ్నను మన ముందుంచినది.

కావున ప్రవేశపు లెక్క చూచినపుడెల్ల మూడు సంగతు లడుగుదము: దరఖాస్తు చేసినవా రెవరు? ఎన్నుకొను శాఖ యేది? మనము కోరు శాఖలో లెక్క యెంత? శాతము గుంపును గూర్చి చెప్పునేగాని, అందలి యొక్కొక్కరి యోగ్యతను చెప్పజాలదు. ఆ యేట నూటికి 35 అను అంకెకు జడిసి వెనుదీసిన బాలిక యెవతెయైన నున్నచో, నూటికి 82 మందిని స్త్రీలలో పిలిచిన వాకిలిని ఆమె తట్టనైన తట్టలేదు. మన విషయమున అట్లు కాకుండుగాక.