కెమెరా ఫర్మ్‌వేర్ మార్చే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు



సెలవులు వచ్చాయంటే బీరువాలో పడి ఉన్న పాత డిజిటల్ కెమెరా బయటికి వస్తుంది. బతుకమ్మను ఫొటో తీయాలని, పిల్లలమర్రి గుడి శిల్పాలను దగ్గరగా తీయాలని పిల్లలు ముచ్చటపడతారు. దాంతోపాటే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇంటర్నెట్‌లో ఇంకో సంగతి కంటపడుతుంది. కెమెరాలో దాగి ఉన్న ఫీచర్లను ఉచితంగా ఎలా తెరవాలో చూపించే వీడియోలు అవి. "డాడీ, ఇది మన కెమెరాకు ఎక్కిద్దామా?" అని అడుగుతారు. కొందరైతే అడగకుండానే ఎక్కించేస్తారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఫొటో స్టూడియోల మీద బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో కెమెరా ఆట వస్తువు కాదు, పెళ్లిళ్ల సీజన్‌లో అన్నం పెట్టే పనిముట్టు. అందుకే పిల్లలు అడిగినప్పుడు "వద్దు" అని ఒక్క మాటతో తోసెయ్యకుండా, ఎందుకు వద్దో, ఎప్పుడు ఫర్వాలేదో వివరించగలిగేలా ఈ నెల పాఠం సిద్ధం చేశాం.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లును ఊహించుకోండి. వడ్లను శుభ్రం చేసే యంత్రం ఒకటి, పొట్టు తీసేది ఒకటి, బియ్యానికి పాలిష్ పట్టేది ఇంకొకటి. ఏది ఎప్పుడు నడవాలో తెలిసిన ఆపరేటర్ లేకపోతే అవన్నీ ఉత్త ఇనుమే. కెమెరా కూడా అంతే. లెన్స్‌ను జరిపే మోటారు, షట్టర్, వెలుగును పట్టుకునే సెన్సర్, వెనక ఉన్న తెర, మెమరీ కార్డు: వీటన్నింటినీ నడిపించే ఆపరేటరే ఫర్మ్‌వేర్. అది కెమెరా లోపలి ఫ్లాష్ మెమరీ చిప్‌లో రాసి ఉన్న సాఫ్ట్‌వేర్.

ఒక మిల్లుకు అలవాటైన ఆపరేటర్‌ను యంత్రాల అమరిక వేరుగా ఉన్న ఇంకో మిల్లులో నిలబెడితే ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో తెలియదు. ఒక మోడల్ కోసం రాసిన ఫర్మ్‌వేర్ ఇంకో మోడల్‌కు పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే.

మార్పులు మూడు రకాలు

మొదటిది కంపెనీ ఇచ్చే అప్‌డేట్. కెనాన్, నికాన్, సోనీ వంటి కంపెనీలు తమ వెబ్‌సైట్లలో వీటిని ఉంచుతాయి. లోపాలు సరిచేయడానికి, కొత్త లెన్స్‌లు సరిగ్గా పనిచేయడానికి, ఫోకస్ మెరుగుపడడానికి ఇవి ఉపయోగపడతాయి.

రెండోది మెమరీ కార్డు మీద నుంచి నడిచే అదనపు సాఫ్ట్‌వేర్. కెనాన్ పవర్‌షాట్ కెమెరాల కోసం ఔత్సాహికులు తయారుచేసిన సీహెచ్‌డీకే దీనికి మంచి ఉదాహరణ. ఇది చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను చెరపదు. కార్డు నుంచి తాత్కాలిక మెమరీలోకి ఎక్కి నడుస్తుంది, కార్డు తీసేసి ఆన్ చేస్తే కెమెరా మామూలుగానే ఉంటుంది. దీంతో చిన్న కెమెరాలో కూడా రా ఫొటోలు తీయవచ్చు. పది సెకన్లకొక ఫొటో తీయమని స్క్రిప్టు రాసి మందార మొగ్గ విచ్చుకోవడాన్ని చూపించవచ్చు.

మ్యాజిక్ లాంటర్న్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఇది 2009లో కెనాన్ 5డీ మార్క్ 2 కోసం మొదలైంది. ఇది కూడా కార్డు నుంచే నడుస్తుంది గానీ, ముందుగా కెమెరా లోపల ఒక చిన్న గుర్తును మార్చిపెడుతుంది. ఆ తర్వాత ఆన్ చేసిన ప్రతిసారీ కెమెరా కార్డులో ఆ ప్రోగ్రాం కోసం వెతుకుతుంది. కార్డు తీసినంత మాత్రాన ఆ గుర్తు పోదు.

మూడోది చిప్‌లోని ఫర్మ్‌వేర్‌నే మార్చి రాయడం. పానసోనిక్ జీహెచ్1, జీహెచ్2 కెమెరాల వీడియో నాణ్యత పెంచడానికి కొందరు ఇలాగే చేశారు. అన్నింటికన్నా ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇందులోనే.

ప్రమాదం ఎక్కడుంది?

చిప్ మీద కొత్త ఫర్మ్‌వేర్ రాస్తున్నప్పుడు బ్యాటరీ అయిపోయినా, మధ్యలో స్విచ్ నొక్కినా సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. అప్పుడు కెమెరా అసలు ఆన్ కాకపోవచ్చు. దీన్నే టెక్నీషియన్లు "బ్రిక్ అయింది" అంటారు, అంటే ఇటుకరాయితో సమానమైపోయిందని. కంపెనీ అప్‌డేట్‌కైనా ఈ ప్రమాదం ఉంది. అందుకే బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి మొదలుపెట్టమని, పని పూర్తయ్యేదాకా ఏ బటనూ ముట్టుకోవద్దని కంపెనీలు చెబుతాయి.

రెండో ప్రమాదం వెర్షన్ తేడా. ఒకే మోడల్ కెమెరాలు రెండు ఉన్నా వాటిలో ఫర్మ్‌వేర్ వెర్షన్లు వేరుగా ఉండవచ్చు. సీహెచ్‌డీకే వంటివి ఒక్కో మోడల్‌కు, ఒక్కో వెర్షన్‌కు విడిగా తయారవుతాయి. "మా ఫ్రెండ్ కెమెరాలో పనిచేసింది" అన్న మాట మన కెమెరాకు హామీ కాదు.

మూడోది పరిమితులను దాటడం. ఇక్కడ పిల్లలతో నిజాయితీగా మాట్లాడాలి. కంపెనీ పెట్టిన ప్రతి పరిమితీ కెమెరా క్షేమం కోసమే కాదు. చాలా ఏళ్లపాటు ఎన్నో ఫొటో కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు వీడియో ఆపేసేవి. 30 నిమిషాలు రికార్డు చేయగలిగితే యూరప్‌లో దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి అదనపు సుంకం వేసేవారు, అది ఒక ముఖ్య కారణం. కానీ కొన్ని పరిమితులు సెన్సర్ వేడెక్కకుండా కాపాడడానికే పెడతారు. ఏది పన్ను కోసమో, ఏది వేడి కోసమో మెనూ చూసి చెప్పలేం.

నాలుగోది ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఎవరో పెట్టిన లింకులోంచి దించుకున్న ఫైల్లో కంప్యూటర్ వైరస్ ఉండవచ్చు. ఇక వారంటీ సంగతి: బయటి సాఫ్ట్‌వేర్ వల్ల పాడైందని తేలితే ఉచితంగా బాగుచేయడానికి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు సర్వీస్ సెంటర్ కోసం హైదరాబాదో విజయవాడో బస్సెక్కాలి, ఖర్చూ మనదే. ఈలోగా ఒప్పుకున్న పెళ్లి ఆగదు, తాళి కట్టే క్షణం రెండోసారి రాదు.

అసలు ముట్టుకోకపోయినా ప్రమాదమే

అలాగని ఫర్మ్‌వేర్ జోలికే పోకూడదని కాదు. 2019 ఆగస్టులో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకుడు కెనాన్ ఈఓఎస్ 80డీ కెమెరాలోకి వైఫై ద్వారా చొరబడి, అందులోని ఫొటోలకు తాళం వేసి డబ్బు అడిగే దాడి ఎలా సాధ్యమో చేసి చూపించారు. కెనాన్ వినియోగదారులను హెచ్చరించి, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకోని కెమెరాలో లోపం అలాగే ఉంటుంది.

ఇంటి ముందు, షాపులో పెట్టుకునే సీసీ కెమెరాల్లో కూడా ఫర్మ్‌వేర్ ఉంటుంది. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరాలను, రికార్డర్లను ప్రపంచమంతటా పెద్ద ఎత్తున లొంగదీసుకుంది. వాటితోనే ఆ ఏడాది అక్టోబర్ 21న జరిగిన దాడికి ట్విట్టర్ వంటి పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు. మీ సీసీ కెమెరా పాస్‌వర్డ్ మార్చారా? ఈ రోజే చూసుకోండి.

పిల్లలు అడిగినప్పుడు

వారితో కూర్చుని ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఈ కెమెరా ఎవరిది? ఇంటికి సంపాదన తెచ్చేదైనా, అరువు తెచ్చిందైనా, వారంటీలో ఉన్నదైనా ప్రయోగం వద్దు. పాడైనా ఎవరూ బాధపడని పాత కెమెరా ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

2. వెనక్కి వచ్చే దారి ఉందా? కార్డు తీస్తే మామూలైపోయే మార్పు వేరు, చిప్ మీద రాసే మార్పు వేరు. ఏది ఏ రకమో పిల్లలు మీకు వివరించగలగాలి. వివరించలేకపోతే ఇంకా నేర్చుకోవాల్సింది ఉందన్నమాట.

3. ఈ ఫైలు ఎవరు తయారుచేశారు, ఏ మోడల్‌కు, ఏ వెర్షన్‌కు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసి చూపించమనండి.

ఈ ప్రశ్నలు అడిగే తల్లిదండ్రుల దగ్గర పిల్లలు ఏదీ దాచిపెట్టరు. యంత్రం లోపల ఏముందో తెలుసుకోవాలనే కోరిక మంచిదే. ఆ కోరిక బలంగా ఉన్నవారికి ఆర్డుయినో వంటి చిన్న బోర్డు కొనివ్వండి. అందులో రాసిన ప్రోగ్రాం తప్పయితే చెరిపి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం పిల్లలతో కలిసి కెమెరా బయటికి తీయండి. ముందుగా కార్డులోని ఫొటోలను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయండి. తర్వాత కెమెరా అడుగున ఉన్న మోడల్ పేరు, సెటప్ మెనూలో ఉన్న ఫర్మ్‌వేర్ వెర్షన్ నోట్‌బుక్‌లో రాయించండి. కంపెనీ వెబ్‌సైట్ తెరిచి అంతకన్నా కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. ఉంటే అది ఏ లోపాన్ని సరిచేస్తుందో చదివి తెలుగులో మీకు చెప్పమనండి. అప్‌డేట్ వేయాలో వద్దో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. మీ పిల్లలు రాసిన పేజీని సెలవుల తర్వాత కంప్యూటర్ టీచర్‌కు చూపించమని చెప్పండి.