అటామిక్ అబ్సార్ప్షన్ పరికరంలో జ్వాల వెలగనప్పుడు

నేల నమూనాలలో జింకు, ఇనుము వంటి సూక్ష్మపోషకాలను కొలిచే ఈ పరికరంలో భద్రతా ఇంటర్‌లాకులలో ఏ ఒక్కటి అడ్డుపడినా ఎసిటిలీన్ విడుదల కాదు, జ్వాల వెలగదు.

పరికరాన్ని కొన్నాళ్లు వాడకపోతే వ్యర్థద్రవ ట్రాప్‌లోని నీరు ఆవిరవుతుంది. కనుక ముందుగా ఆ నీటిమట్టాన్ని, తరువాత బర్నర్ అమరికను, జ్వాల ముందరి తలుపును, చివరగా గాలి, ఎసిటిలీన్ పీడనాలను పరిశీలించాలి. సిలిండరు పీడనం సుమారు 700 కిలోపాస్కల్‌కు తగ్గితే వాయువుతోపాటు ఎసిటోన్ కూడా వస్తుంది; అప్పుడు సిలిండరు మార్చాలి. గొట్టాల అతుకుల వద్ద లీకును సబ్బునీటితో పరీక్షించాలి.

ఇంటర్‌లాకును వైరు కలిపి పనిచేయకుండా చేయడం ప్రమాదకరం. ట్రాప్ ఎండి ఉంటే ఎసిటిలీన్ ప్రయోగశాలలోకి వెలువడుతుంది. బర్నర్ సరిగా అమరకపోతే జ్వాల లోపలికి మళ్లి పేలుడు సంభవించవచ్చు. లోపం తెలియనప్పుడు సిలిండరు వాల్వు మూసి, విశ్లేషణను వాయిదా వేసి, సాంకేతిక నిపుణుని పిలిపించాలి.