పాత ఇంజనుకు రంగు వేసే ముందు

మన హాస్టల్లో చదివి ఐ.టి.ఐ. డీజిల్ మెకానిక్ చేసిన మాబోటి వాళ్ళకు షెడ్డులో మొదట అప్పగించేది కడగడం, గీకడం, రంగు వేయడం. చదివిన చదువుకు ఇదా పని అని తమ్ముళ్ళు చిన్నబుచ్చుకోనక్కర లేదు. ఇంజను లోపాలు ముందుగా కంటబడేది ఆ పని చేసేవాడికే.

ఒకప్పుడు మన పొలాల్లో నీళ్ళు తోడిన లిస్టర్ తరహా ఆయిలింజనునే తీసుకుందాం. 6 హార్స్ పవర్ ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. దాని రెండు ఫ్లైవీల్స్ పోత ఇనుమువి. రంగు చాటున పగులు దాగితే ఆ వేగానికి ముక్కలై మనుషుల మీదికి ఎగురుతుంది. అందుకే జిడ్డు కడిగాక కిరోసిన్ పూసి, కాసేపు నాననిచ్చి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దుతాము. పగులుంటే లోపలి కిరోసిన్ ఊరి సుద్ద మీద తడిగీత తేలుతుంది. అలాంటి చక్రానికి యజమాని ఎంత తొందరపెట్టినా మేము రంగు వేయము.

జిడ్డు పోకముందే గీకితే అది గరుకులోకి దిగి రంగును పట్టనివ్వదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా రుద్దవద్దు. వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి, చేతులు కడిగాకే అన్నం తినాలి. ఇనుము బాగా ఆరాక రెడ్ ఆక్సైడ్, దానిపైన ఎనామెల్. రెడ్ ఆక్సైడ్ తోనే నెలల తరబడి వదిలేస్తే తేమ పీల్చి అడుగున తుప్పు మొదలవుతుంది. ఎనామెల్ మీద ఎన్.సి. పెయింటు కొడితే థిన్నరుకు కింది పొర ముడతలు పడుతుంది. పొగగొట్టానికి ఇవేవీ నిలవవు. వేడికి ఆగే సిలికాన్ అల్యూమినియం పెయింటును శుభ్రమైన లోహం మీదే పలుచగా వేసి, ఇంజను నెమ్మదిగా నడిపి వేడి చేస్తే గట్టిపడుతుంది.

గ్యాస్కెట్ కూర్చునే ముఖాలకు, బోల్టు మరలకు, బేరింగు గూళ్ళకు, నూనె రంధ్రాలకు రంగు తగలకూడదు. అన్నిటికన్నా గవర్నరు కడ్డీల కీళ్ళు ముఖ్యం. అక్కడ రంగు గడ్డకట్టి కడ్డీ బిగుసుకుంటే డీజిల్ తగ్గదు, ఇంజను అదుపు తప్పి పరుగెడుతుంది. వాటికి ముందే గ్రీజు రాసి టేపు చుట్టండి. రంగు ఆరాక విప్పి, వేలితో కదిపి చూడండి.

నంబరు పలకను కూడా కప్పేయకండి. రేపు పిస్టన్ రింగులు తేవడానికి వెళ్తే కొట్టువాడు మొదట అడిగేది ఆ నంబరే.