మంచం పట్టిన ముసలి కుక్కకు ఇంటి సేవ

ప్రశ్న: 13 ఏళ్ల లాబ్రడార్ కీళ్లవాతంతో లేవలేకపోతోంది. ఇంట్లో ఎలా చూసుకోవాలి?

జవాబు: కదలలేని కుక్క ఒకే పక్కన పడి ఉంటే, మోచేతి, తుంటి ఎముకలు నేలకు ఒత్తుకొన్నచోట చర్మానికి రక్తం అందక పడక పుండ్లు ఏర్పడతాయి గనుక, మందపాటి పరుపు వేసి, 4 గంటలకు మించకుండా పక్క మార్చడం, మూత్రంతో తడిసిన బొచ్చును వెంటనే కడిగి ఆరబెట్టడం అవసరం. నున్నని గచ్చుపై గోనెపట్టా పరిస్తే కాళ్లు జారవు. ఇక నొప్పి తగ్గించే విషయంలో అసలు ప్రమాదం ఇంట్లోని మందుల డబ్బాలోనే ఉంది. మనుషులు వాడే నొప్పి మందు ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కుక్కలకు వాడదగిన మెలాక్సికామ్‌ను, అంటే వాపును, నొప్పిని తగ్గించే మందును సైతం, రక్తపరీక్షలో మూత్రపిండాల, కాలేయ పనితీరు చూశాకే పశువైద్యుడు నిర్ణయించాలి.